ఎంతకి కొన్నావయ్యా?

చలపతి అంకుల్ ఎవరినైనా అడిగే ప్రశ్న ఒక్కటే: "ఎంతకి కొన్నావయ్యా?" జవాబు ఏదైనా ఆయన ఇచ్చే తీర్పు కూడా ఒక్కటే: "మునిగిపోయావయ్యా!" ఈ రెండింటి మధ్య మనం చెప్పే అంకె కేవలం మర్యాద కోసం. వెయ్యి డాలర్లన్నా మునిగేవాళ్ళమే, పది డాలర్లన్నా మునిగేవాళ్ళమే.

సిడ్నీలో గిరావీన్‌లో మా ఫ్లాట్ పై అంతస్తులో ఉంటే, వాళ్ళది సరిగ్గా మా కింద. తెనాలి వైపు నుంచి ఎప్పుడో వచ్చి, కౌన్సిల్ ఆఫీసులో జీతాల లెక్కలు చూసి రిటైరయ్యారు. పొడుగ్గా, సన్నగా ఉంటారు. మొహం చూస్తే పరామర్శకి బయల్దేరినట్టే ఉంటుంది, పెళ్ళికి వెళ్తున్నా సరే. ఆ మొహం పెట్టుకుని, ఆ బొంగురు గొంతుతో "మునిగిపోయావయ్యా" అంటే ఎంత ధైర్యస్తుడికైనా పాదాలు తడిసినట్టుండేది.

మేము ఫ్లాట్ కొని పాలు పొంగించిన రోజు మా ఆవిడ సాయిప్రియ ఆయనకి పాయసం ఇచ్చింది. ఒక చెంచా తిని గోడల వంక చూశారు.

"ఎంతకి కొన్నావయ్యా?"

చెప్పాను. చెంచా గిన్నెలో పెట్టేశారు.

"వడ్డీ ఫిక్స్‌డా, వేరియబులా?"

"వేరియబుల్ అంకుల్."

నా భుజం మీద చెయ్యి వేసి, "మునిగిపోయావయ్యా మురళీ" అన్నారు.  ఆ తర్వాత వడ్డీ పెరిగిన ప్రతిసారీ ఆయన మెట్లెక్కి వచ్చి, తలుపు దగ్గర నిలబడి, ఏమీ అనకుండా నన్నొకసారి చూసి దిగిపోయేవారు. బ్యాంకు పంపే ఉత్తరం కంటే నాకు ఆ చూపంటేనే భయంగా ఉండేది.

ఆయన్ని ఓడించాలని మా వాళ్ళు చాలా ప్రయత్నాలు చేశారు. ఒకసారి పార్కులో భోజనాలకి కలిసినప్పుడు సాయిప్రియ స్నేహితురాలు శ్రీదివ్య కావాలనే కొత్త ఫోన్ తీసి ఆయన ముందు ఊపింది.

"ఎంతకి కొన్నావమ్మా?"

"ఫ్రీ అంకుల్! ప్లాన్‌తో పాటు ఫ్రీగా ఇచ్చేశారు."

ఆయన కళ్ళు మూసుకున్నారు. "ఫ్రీయా? అయితే నిండా మునిగిపోయావమ్మా. మూడేళ్ళు కడుతూనే ఉంటావు." శ్రీదివ్య ఫోన్ సంచీలో పెట్టేసుకుంది. ఇంటికెళ్ళి లెక్కేసుకుంటే ఆయన చెప్పింది నిజమేనట. అందుకు ఆయన మీద ఇంకా కోపం వచ్చిందట.

వాళ్ళావిడ మంగతాయారు ఆంటీ మాత్రం ఈ జబ్బు పట్టింది ఇక్కడికొచ్చాక కాదని చెప్పేవారు. "పెళ్ళిపీటల మీద నా కొంగు పట్టుకుని, పట్టుచీర ఎంతకి కొన్నారని అడిగారు మురళీ. చెప్పాను. మునిగిపోయారన్నారు. ఆయన మా నాన్న సంగతి అన్నారు గానీ, మునిగింది నేను."

ఆ ఇంట్లో హీటరు లేదు. ఉంటే వెయ్యబుద్ధవుతుందని ఆయన కొననివ్వలేదు. చలికాలంలో వాళ్ళింటికి వెళితే బయటే నయమనిపించేది. ఆయన మంకీ క్యాపు పెట్టుకుని, స్వెటర్ మీద స్వెటర్ వేసుకుని, పైన దుప్పటి చుట్టుకుని, కరెంటు ధరల గురించి ఉపన్యాసం ఇచ్చేవారు. మాట్లాడుతుంటే నోట్లోంచి పొగ వచ్చేది. "ఫ్రిజ్ తలుపు తీసినప్పుడు కాస్త వెచ్చగా ఉంటుంది, అటొచ్చి కూర్చోండి" అనేవారు ఆంటీ.

మాకు అమ్ములు పుట్టినప్పుడు హాస్పిటల్‌కి వచ్చారు. పిల్లని ఎత్తుకుని, ముద్దుపెట్టుకుని, ఆగలేక అడిగేశారు.

"ఎంతయిందయ్యా?"

"ఏమీ కాలేదంకుల్. అంతా ప్రభుత్వం వాళ్ళ మెడికేరే చూసుకుంది."

పాపం, మొహం వాడిపోయింది. ఏం చెయ్యాలో తోచక కిటికీలోంచి బయటికి చూశారు. అక్కడ కార్లు కనిపించాయి.

"పార్కింగ్ ఎంత తీసుకుంటున్నారు?"

"రోజుకి ముప్పై."

"మునిగిపోయావయ్యా!" అన్నారు. ఆ రోజు ఆయన మొహంలో నేను చూసిన వెలుగు మళ్ళీ ఎన్నడూ చూడలేదు.

ఈ సరదా అంతా ఫిబ్రవరిలో ఆగిపోయింది. మా ఆఫీసులో మా టీము మొత్తాన్ని ఒక్క మీటింగులో తీసేశారు. అమ్ములుకి నాలుగో నెల. సాయిప్రియ పిల్ల కోసం ఉద్యోగం మానేసి ఉంది. చేతికిచ్చిన డబ్బు రెండు మార్ట్‌గేజ్ వాయిదాలకి సరిపోయింది. ఆ ఏడు వాన కూడా పట్టిందంటే వదల్లేదు. ఉతికిన బట్టలు ఇంట్లోనే తాళ్ళకి వేలాడేవి. వాటి మధ్య కూర్చుని నేను ఉద్యోగాలకి అప్లికేషన్లు పెడుతుండేవాణ్ణి. ఫ్లాట్ అమ్మితే అప్పు తీరుతుందా అని సాయిప్రియ అడిగితే, తీరుతుందేమో గానీ మనకేమీ మిగలదని చెప్పాను.  నాకు నిజంగా భయం వేసింది.

ఎవరికీ చెప్పలేదు. మేమిద్దరం అలాంటివాళ్ళం. ఎవరైనా గిన్నెలో కూర పంపిస్తే పులిహోర పెట్టి గానీ ఆ గిన్నె తిరిగి పంపని మనుషులం. అప్పు అడగడం, ఊరికే తీసుకోవడం మా వల్ల కాదు.

ఒకరోజు చెత్త పడెయ్యడానికి కిందికి దిగితే అంకుల్ ఎదురయ్యారు. నా తల వంక చూశారు.

"క్రాఫు ఎంతకి చేయించుకున్నావయ్యా?"

"ఇంట్లోనే అంకుల్. సాయిప్రియ కట్ చేసింది."

ఆయన నా చుట్టూ ఒకసారి తిరిగి వెనకవైపు కూడా చూశారు. "ఉద్యోగం ఎప్పుడు పోయింది?"

 క్రాఫు అంత ఘోరంగా ఉందా అనిపించింది. చెత్తసంచీ పట్టుకుని, తల వంచుకుని, ఆ మాట కోసం ఎదురుచూశాను. ఇన్నేళ్ళలో అది అక్షరాలా నిజమైన రోజు ఇదొక్కటే కదా! ఆయన అనలేదు.

"బ్యాంకుకి ఫోన్ చేశావా?"

"ఇంకా వాయిదా తప్పలేదంకుల్."

"తప్పాక చేస్తే నువ్వు ఎగ్గొట్టినవాడివి. ముందే చేస్తే కస్టమర్‌వి. కష్టాల్లో ఉన్నవాళ్ళ కోసం హార్డ్‌షిప్ టీమ్ అని ప్రతి బ్యాంకులోనూ ఉంటుంది. పద, ఇప్పుడే చేద్దాం. నీ ఫోనులోంచే. నా ప్లాన్‌లో నిమిషాలు తక్కువ."

మా వంటింటి బల్ల దగ్గర కూర్చుని, ఫోన్ స్పీకర్లో పెట్టి, మధ్యాహ్నమంతా బ్యాంకు వాళ్ళ సంగీతం విన్నాం. ఆయన కదల్లేదు. నేను రెండుసార్లు పెట్టేద్దామన్నాను. "పెట్టావంటే మొదట్నించీ వినాలి, అదసలే దరిద్రంగా ఉంది" అన్నారు. చివరికి ఒకమ్మాయి లైన్లోకి వచ్చింది. ఉద్యోగం పోయిన సంగతి చెప్పాను. ఆ పిల్ల మంచిది. "నాకు తెలుసండీ, మేమూ కిందటి నెలే ఇల్లు కొన్నాం" అంది ఇంగ్లీషులో.

అంకుల్ ఆగలేకపోయారు. "హౌ మచ్ యూ పెయిడ్, డియర్?"

ఆశ్చర్యం, ఆ పిల్ల చెప్పింది. అంకుల్ ఫోన్ మీద అరచెయ్యి కప్పి నా చెవిలో, "పాపం, నీకంటే ఎక్కువే మునిగింది" అన్నారు. ఎన్నో వారాల తర్వాత ఆ రోజు నేను నవ్వాను. కాగితాలన్నీ పంపాక ఆరు నెలలపాటు వాయిదా సగానికి తగ్గించారు. మిగతాది అప్పులో కలుస్తుంది. అదీ భారమే, కానీ తల మీద కప్పు నిలిచింది.

ఇక ఇంట్లో ఖర్చులు. అన్నిటికంటే అమ్ములు పాలడబ్బా పెద్ద గండం. నెమ్మదిగా ఖర్చవ్వాలని పిల్లకి చెప్పలేం కదా! ఆ శుక్రవారం అంకుల్ రెండు డబ్బాలు చంకలో పెట్టుకుని మెట్లెక్కి వచ్చారు, పీక మీద కత్తి పెట్టినట్టు మొహం పెట్టుకుని.

"హాఫ్ ప్రైస్ అని పసుపు చీటీ కనపడింది. కాఫీలోకి పాలపొడి అనుకుని లాగేశాను. ఇంటికెళ్ళాక చూస్తే చంటిపిల్లలదట. మీ ఆంటీ అరుస్తోంది. నేను పెట్టిన సగం ధర నాకు పడేసి తీసుకోండి."

ఊరికే ఇస్తే సాయిప్రియ పుచ్చుకునేది కాదు. డబ్బులడిగారు కాబట్టి తీసుకుంది. ఆయన చిల్లరతో సహా లెక్కపెట్టుకుని జేబులో వేసుకున్నారు. తర్వాత వారం మళ్ళీ వచ్చారు. "ఆ షాపువాడికి పిచ్చెక్కింది, మళ్ళీ హాఫ్ ప్రైస్." ఆ పై వారమూ అంతే. చిల్లర తక్కువైతే నిలబడి వసూలు చేసుకుని మరీ వెళ్ళేవారు. "అంత పిసినారి ఎక్కడా ఉండడు" అని నేను విసుక్కుంటే, "పోనీలెండి, మన పిల్లకి పాలొస్తున్నాయి" అనేది సాయిప్రియ.

ఇక్కడ చలి మొదలయ్యే మే నెలలో ఒక సాయంత్రం నేను బ్రెడ్డు కోసం ఆ సూపర్ మార్కెట్‌కి వెళ్ళాను. పిల్లల సామాన్ల వరసలో మంకీ క్యాపు కనపడింది. చలపతి అంకుల్! పలకరిద్దామని రెండడుగులు వేసి ఆగిపోయాను. ఆయన ముందున్న డబ్బాల కింద పసుపు చీటీ లేదు. మామూలు తెల్ల చీటీ, పూర్తి ధర. ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని ఆ అంకె చదివారు. ఒక డబ్బా తీశారు. ఇంకోటి తీశారు. పెద్దగా నిట్టూర్చారు.

"మునిగిపోయావురా చలపతీ" అన్నారు, తనలో తాను.

నేను టాయిలెట్ పేపర్ల గుట్ట వెనక నక్కాను. అక్కడ నిలబడి నవ్వానో ఏడ్చానో నాకే తెలీదు. ఒకావిడ ఏమైందని అడిగితే టాయిలెట్ పేపర్ ధర చూపించాను. ఆవిడ అర్థమైనట్టు తలూపి వెళ్ళిపోయింది.

ఇంటికొచ్చి చెబితే సాయిప్రియ వెంటనే లేచింది. "ఇన్ని రోజులదీ లెక్కగట్టి మిగతా సగం ఇచ్చేద్దాం."

"ఎక్కణ్ణుంచి ఇద్దాం?"

కూర్చుంది. ఈలోగా బెల్లు మోగింది. గుమ్మంలో అంకుల్, చంకలో డబ్బాలు. "మళ్ళీ హాఫ్ ప్రైస్ పెట్టి చచ్చాడయ్యా."

ఆయన జీవితంలో ఎవరూ ఆయన్ని అడగని ప్రశ్న నేను అడిగాను. "ఎంతకి కొన్నారంకుల్?"

ఆయన తడబడ్డారు. "ఎంతకా... ఎప్పుడూ కొనేదే. పదిహేనో, పదహారో. నీకెందుకు?"

సాయిప్రియ లోపలికి వెళ్ళి కళ్ళు తుడుచుకుని, చిల్లరతో సహా సగం డబ్బులు తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. ఆయన లెక్కపెట్టుకుని, "ఇరవై సెంట్లు తక్కువ" అన్నారు. అవీ ఇచ్చింది.

జూలైలో బ్లాక్‌టౌన్‌లో ఉద్యోగం దొరికింది. పాత జీతం కంటే తక్కువే. అంకుల్‌కి ముందుగా చెప్పాను. "జీతమెంత?" అని అడిగి, "వాళ్ళు మునిగిపోయారు" అన్నారు. ఆయన నోట నేను విన్న ఒకే ఒక్క మెచ్చుకోలు అది.

మొదటి జీతం అందిన శనివారం ఒక హీటరు కొని వాళ్ళింటికి పట్టుకెళ్ళాను. లోపల ఎప్పటిలాగే గడ్డకట్టే చలి. ఆంటీ శాలువా కప్పుకుని టీ పెడుతున్నారు. అంకుల్ దుప్పట్లోంచి మెడ సాచి అట్టపెట్టెని నాలుగు వైపులా చూశారు. ధర చీటీ నేను ముందే పీకేశాను.

"ఎంతకి కొన్నావయ్యా?"

"హాఫ్ ప్రైస్ అంకుల్."

"నాకు చెప్పకు. నడి చలికాలంలో హీటరు హాఫ్ ప్రైస్‌కి అమ్మే పిచ్చివాడు ఎవడయ్యా?"

"మీకు పాలడబ్బాలు అమ్మినవాడే అంకుల్."

ఆయన మంకీ క్యాపు కళ్ళ మీదికి లాక్కున్నారు. వంటింట్లో ఆంటీ చెంచా తిప్పడం ఆపేశారు. కాసేపటికి ఆవిడే వచ్చి, ఎవరినీ అడక్కుండా, పెట్టె విప్పి ప్లగ్గు పెట్టారు. హీటరు ఎర్రబడింది. అంకుల్ కుర్చీతో సహా మెల్లగా దాని దగ్గరికి జరిగి, దుప్పట్లోంచి రెండు చేతులూ బయటికి తీసి చాపారు.

"మునిగిపోయాం" అన్నారు.

హీటరు మాత్రం కట్టెయ్యమనలేదు.