చలిదేశం వెళ్లే బండిలో చెంబుడు నీళ్లు

2023 జూన్. క్రాంజీలో మా పని షెడ్డు. సింగపూర్‌లో పదేళ్లు నిండిన బండిని చాలామంది వదిలించుకుంటారు. అలా వదిలించుకున్న ఒక డెలివరీ వ్యానును మేం మోటర్‌హోమ్‌గా, అంటే పడక, పొయ్యి, కుళాయి ఉన్న ఇల్లుగా మార్చాం. పైపుల పని నాది. కొనుక్కున్నది శ్రావణి. ఇక్కడ పరిశోధన ముగించుకుని న్యూజిలాండ్‌కి ఉద్యోగానికి వెళుతోంది. అక్కడ అద్దె ఇల్లు దొరికేదాకా ఆ బండిలోనే కాపురం.

బండి ఓడ దిగేది జులైలో, అక్కడ అది నడి చలికాలం. పైపుల్లో నీళ్లు మిగిలితే గడ్డకట్టి, ఉబ్బి, పైపును చీలుస్తాయి. అప్పుడు గోడలు విప్పాలి. అందుకే ముందే వింటరైజ్ చేయాలి, అంటే నీళ్లన్నీ తీసేయాలి. నేను ఇక్కడే పుట్టి పెరిగినవాణ్ని. నాకు తెలిసిన మంచు చెరుకు రసంలో వేసేదే. అయితే యాభై దాటాక చదవడం నేర్చుకున్నాను కాబట్టి ఈ పని ఎలా చేయాలో రాసిచ్చిన కాగితంలో ఒక్క ముక్క వదలను. అందులో ఉన్నట్టే ట్యాంకు, గీజరు ఖాళీ చేసి, పంపు ఆపి, కంప్రెసర్‌తో గాలి కొట్టాను. కుళాయి తుస్సుమని ఊరుకుంది.

సాయంత్రం లారీ వచ్చి బండిని ఓడరేవుకు తీసుకెళ్లాలి. మధ్యాహ్నం శ్రావణి, భీమవరం నుంచి వచ్చిన వాళ్లమ్మ వరలక్ష్మిగారు బండికి పూజ చేశారు. నేను భోంచేసి వచ్చి కుళాయి తిప్పితే నీళ్లొచ్చాయి. పసుపుపచ్చగా వచ్చాయి. ఆపి వెళ్లిన పంపు ఆన్‌లో ఉంది.

నా పనిలోనే లోపముందనుకుని మళ్లీ అంతా తీసి గాలి కొట్టాను. చేతులు కడుక్కుని వచ్చి చూస్తే మళ్లీ అవే నీళ్లు. పంపు ముందున్న జల్లెడ విప్పాను. అందులో తులసాకు. పైపుల్లో తులసి మొలవదు కదా.

వరలక్ష్మిగారు చెంబు కొంగు కింద దాచుకుని నిలబడ్డారు.

"అమ్మా, నీళ్లు పోసింది మీరేనా?"

"ట్యాంకులో ఒక్క చెంబుడే పోసి పంపు మీట నొక్కాను అన్నయ్యగారూ. రెండుసార్లు పోశాను. మీరు తీసేస్తున్నారుగా మరి."

శ్రావణి తల పట్టుకుంది. "అమ్మా, పైపులు పగిలితే అంత చలిలో నేనెక్కడ ఉండాలే?"

"పిల్ల మొదటి ఇల్లండీ," అని ఆవిడ నావైపు తిరిగారు. "ఆ ఇంటికి నీళ్ల బిందె ఈ ట్యాంకేగా, ఖాళీగా పెట్టి ఎలా పంపను? అక్కడ దానికేదైనా అయితే నేను జన్మంతా ఆ ఖాళీ బిందెనే తలుచుకోవాలి."

నాకు కోపం వచ్చింది. చలికి ఈ పట్టింపులేవీ తెలియవని మొహం మీదే అన్నాను. ఆవిడ చెంబు వదల్లేదు. నేను వెనక్కి తిరిగితే మూడోసారీ పోస్తారని తెలుస్తూనే ఉంది. లారీ వచ్చే వేళయింది.

కాగితంలో చివరి పని ఇంకొకటి మిగిలి ఉంది. సింక్ కింద వంపు తిరిగిన పైపును ట్రాప్ అంటారు. వాసన పైకి రాకుండా అందులో ఎప్పుడూ తడి ఉండాలి. చలిదేశంలో నీళ్లకు బదులు యాంటీఫ్రీజ్ అనే గడ్డకట్టని గులాబీరంగు ద్రవం పోస్తారు. మూడోసారి గాలి కొట్టాక ఆ డబ్బా తెచ్చి ఆవిడ చెంబులో వంచాను.

"కుంకుమ కలిపారా?"

"కంపెనీవాళ్లే కలిపారు. సింక్‌లో మీ చేత్తో పోయండి. ఇది గడ్డకట్టదు, బండీ ఖాళీగా వెళ్లదు."

ఆవిడ కళ్లు మూసుకుని ఏదో అనుకుంటూ చెంబంతా పోశారు. ఆ తర్వాత చెంబు శ్రావణి సంచిలోకి వెళ్లిపోయింది. లారీ కదిలేదాకా ఆవిడ కుళాయి జోలికి పోలేదు.

బండి ఓడ దిగాక నీళ్లు నింపి కుళాయి తిప్పితే పైపుల్లో ఎక్కడా చుక్క కారలేదని శ్రావణి ఫోన్ చేసింది. మరుసటేడు చలి మొదలవగానే వరలక్ష్మిగారే ఫోన్ చేశారు: "మా పిల్ల ఈసారి ఆ గులాబీరంగు నీళ్లు సగం చెంబే పోసిందటండీ. మీరైనా గట్టిగా చెప్పండి."

ఇప్పుడు ఎవరి బండిలో నీళ్లు తీయాలన్నా ముందు ఇంట్లో పెద్దావిణ్ణి పిలిచి, చివరి చెంబు ఆవిడ చేత్తోనే పోయిస్తాను. ఆ తర్వాత ట్యాంకుకు కాపలా కాయాల్సిన పని నాకుండదు.