లక్ష్మీనరసమ్మ ఎడమచేయి

పొందూరులో నూలు వడికే లక్ష్మీనరసమ్మ ఎవరి మాటా ఊరికే నమ్మదు. పని చూశాకే. పత్తిని వాలుగ చేప దవడపళ్లతో దువ్వి, కుడిచేత్తో రాట్నం తిప్పుతూ, ఎడమచేతి వేళ్లతో దారం లాగుతుంది. దారం సన్నమో లావో కళ్లకన్నా ముందు ఆ వేళ్లకే తెలిసేది. ఇప్పుడవి మొద్దుబారాయి. దారం తెగినా తెలియడం లేదు.

మొదటి డాక్టరు మెడ ఎముక అరిగిందన్నాడు. మెడకి పట్టీ కట్టుకుని వేసవంతా ఉడికిపోయింది. చేయి అలాగే ఉంది. శ్రీకాకుళంలో ఇంకో డాక్టరు, ఏ వైపో రాయకుండా, మణికట్టుకి స్కానింగ్ రాశాడు.

"కడుపుతో ఉన్నోళ్లకి కదే ఇది తీసేది? నా సేతిలో ఏటుంటాది?" అని కోడలు నీలవేణిని అడిగింది.

"నరం సూస్తారంట అత్తా."

"సూసి మళ్లీ మెడే అంటారు. నువ్వు నోరెత్తకు. ఏ సెయ్యో ఆ మిషన్నే సెప్పనీ."

స్కానింగ్ గదిలో డాక్టర్ రేఖ, "తిమ్మిరి ఏ చేతికమ్మా?" అంది.

"కుడి," అని తడుముకోకుండా చెప్పింది లక్ష్మీనరసమ్మ.

రేఖ చల్లటి జిగురు రాసి, స్కానింగ్ పిడిని మణికట్టు మీద ఆనించి, మెల్లగా మోచేతి వైపు జరిపింది. లక్ష్మీనరసమ్మ తెర చూడలేదు. ఆ చేతినే చూసింది. అదమకుండా, తొణక్కుండా జరుగుతోంది.

"ఇక్కడ నరం బాగానే ఉందమ్మా."

"అయితే నాకు రోగం నేదేటి?"

"ఉండండి. రెండో చేతితో పోల్చాలి. ఎడమది ఇవ్వండి."

ఎడమచేతి మీద పిడి ఒకచోట ఆగింది. వెనక్కి వచ్చి మళ్లీ అక్కడే ఆగింది.

"ఇదిగో నరం. మణికట్టులోకి దూరే ముందు ఉబ్బింది. లోపల దాని మీదున్న పొర నొక్కి నలిపేస్తోంది. తిమ్మిరి ఈ చేతికే కదా?"

నీలవేణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఈ సేతికే. నీకు తెలుస్తాదో నేదోనని."

"కుడి అనే రాసి పంపితే, రేపు బాగున్న చేతిని కోసేవాళ్లు," అంది రేఖ నెమ్మదిగా.

లక్ష్మీనరసమ్మ చేయి వెనక్కి లాక్కుంది. "కొయ్యాలా?"

"ముందు రాత్రిపూట మణికట్టుకి పట్టీ. కొన్నాళ్లు రాట్నం ముట్టొద్దు. తగ్గకపోతే అప్పుడు చూద్దాం."

"దారం మళ్లీ వేళ్లకి తెలుస్తాదా?"

"తెలియొచ్చు. పూర్తిగా వస్తుందని మాత్రం మాటివ్వలేను."

బయట నీలవేణి అడిగింది. "ఇప్పుడైనా నమ్మేవా?"

"దారం లాగినప్పుడు సెప్తాను. ఇంటికెళ్లగానే నా రాట్నం అటకెక్కించీ. ఎదురుగా ఉంటే నేనాగలేను."