వంతెన కోసం అమ్మ మాట్లాడిన రోజు

నా చిన్నప్పుడు, రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, మేము అమెరికాలో, నెబ్రాస్కా రాష్ట్రంలో, మన జిల్లాలాంటి ఒక పల్లెటూళ్ళ కౌంటీలో ఉండేవాళ్ళం. నాన్న అక్కడి హైస్కూల్లో లెక్కలు చెప్పేవారు. కౌంటీని ఒక నది రెండుగా చీల్చేది. మా ఊరు ఇటు, ఆస్పత్రీ కోర్టూ ఉన్న ఊరు అటు. ఒకప్పుడు కోర్టు మా ఊళ్ళోనే ఉండేదట. అది ఎక్కడుండాలన్న ఓట్లలో అవతలివాళ్ళు గెలిచి, కాగితాలూ కుర్చీలతో సహా బండ్లకెత్తుకుపోయారట. తరాలు మారినా ఆ కోపం చల్లారలేదు. మేము మామ్మ అని పిలిచే పక్కింటి అమెరికన్ పెద్దావిడ అయితే అవతలి ఊళ్ళో గుండుసూది కూడా కొనేది కాదు.

ఒక ఏడాది వరదకు వంతెన దెబ్బతింటే మూసేశారు. చుట్టూ తిరిగి వెళ్ళాలంటే గంట పైనే. ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం మా తమ్ముడికి ఆయాసం వచ్చింది. అంబులెన్స్ కూడా అటునుంచే రావాలి. నాన్న స్కూల్లో ఉన్నారు, అమ్మకు డ్రైవింగ్ రాదు. మామ్మ మమ్మల్ని తన పాత ట్రక్కులో ఎక్కించుకుంది. వాడి పెదాలు నీలంగా మారుతుంటే అమ్మ దారి పొడవునా వాడి వీపు నిమురుతూనే ఉంది. వాడు బతికాడు.

తరవాత కొన్నాళ్ళకు, వంతెన బాగుచేయాలా వదిలేయాలా అని కౌంటీని నడిపే కమిషనర్లు అవతలి ఊరి కోర్టు హాల్లో మీటింగ్ పెట్టారు. పాత కోపంతో మా వైపు చాలామంది వద్దనే అన్నారు. అమ్మ తానూ మాట్లాడతానంది.

"వీసా మీద ఉన్నవాళ్ళం, మనకెందుకీ పాలిటిక్స్?" అన్నారు నాన్న.

"పిల్లాడి సంగతి చెప్తానండీ. అది పాలిటిక్స్ ఎలా అవుతుంది?"

తీరా మైకు ముందు నిలబడ్డాక అమ్మకు ఇంగ్లీషు మాటలు దొరకలేదు. వెనక ఎవరో నవ్వారు. అప్పుడు మామ్మ లేచింది. వంతెన వద్దనడానికే లేచిందనుకున్నాం. ఆమె నేరుగా వెళ్ళి అమ్మ చెయ్యి పట్టుకుంది.

"మెల్లగా చెప్పమ్మా. ఇక్కడ ఎవరికీ తొందర లేదు," అంది.

ట్రక్కు నడిపింది తనే. అంతా తనే చెప్పేయగలదు. చెప్పలేదు, పక్కన నిలబడింది. అమ్మ తడుముకుంటూ, ఆగుతూ, చివరిదాకా తనే చెప్పింది. ఎవరూ నవ్వలేదు. వంతెన బాగుచేయాలనే తేలింది.

బయటికొచ్చాక మామ్మ, "మా తాత ఉంటే ఇవాళ నన్ను ఇంటి గడప తొక్కనిచ్చేవాడు కాదు," అని కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది.

ఇప్పుడు నాకూ పిల్లలున్నారు. వాళ్ళు ఏదైనా చెప్పలేక తడబడితే, వాళ్ళు వెతుక్కుంటున్న మాట నా నోటిదాకా వస్తుంది. మింగేసి, కాస్త దగ్గరికి జరిగి కూర్చుంటాను.