నాన్నమ్మ టీ మానేసిన రోజులు

చోడవరం బస్టాండు దగ్గర టీ మరిగే వాసన తగిలితే నాకిప్పటికీ గుండె జల్లుమంటుంది.

చిన్నప్పుడు ఒకసారి, ఈస్టరుకు ముందొచ్చే ఉపవాస దినాల్లో నాన్నమ్మ ప్రభువు కోసం టీ మానేసింది. మర్నాటికల్లా తలకు గుడ్డ బిగించుకుని మంచం పట్టింది. "తల్లో ముళ్ళు గుచ్చినట్టుందే" అంటూ మూలిగింది. నాకు చర్చి పటంలో యేసయ్య తల మీది ముళ్ళకిరీటం కళ్ళముందు మెదిలింది. గుడ్ ఫ్రైడేకి నాన్నమ్మ కూడా చచ్చిపోతుందనుకున్నాను. వంటింట్లోంచి టీ తెచ్చి, "తాగు నాన్నమ్మా, సచ్చిపోకు!" అని ఏడ్చాను.

ఆమె గ్లాసు పక్కన పెట్టి నన్ను దగ్గరకు తీసుకుంది. "టీ తాగితే పాపమని కాదే గుంటా. పొద్దున్న లెగిసేసరికి యేసయ్య కంటే ముందు అదే గుర్తొస్తంది. అదే నా బయం."

నాలుగైదు రోజులకు నొప్పి దానంతటదే తగ్గింది. అలవాటైన ఒంటికి టీ మానగానే తలనొప్పి వస్తుందని పెద్దయ్యాక తెలిసింది. పొద్దున్న లేవగానే నాకూ ముందు టీయే గుర్తొస్తుంటే, నాన్నమ్మ భయం మాత్రం ఇప్పుడిప్పుడే అర్థమవుతోంది.