దుమ్ము అణగేదాకా

నిన్న ఘుగ్గుస్ రోడ్డు మీద ఒక బొగ్గు లారీ నన్ను దాటిపోయింది. హెల్మెట్ అద్దం మీద నల్లటి పొడి పరుచుకుంది, పళ్ల మధ్య బొగ్గు కరకరలాడింది. నేను మోటారు సైకిల్‌ను ఎడమకు తీసి, ఒక కాలు నేల మీద ఆనించి ఆగిపోయాను. వెనక వస్తున్నతను హారన్ మోగించి, మరాఠీలో నా వయసును గురించి ఒక మాట విసిరి, ఆ దుమ్ములోకే దూసుకుపోయాడు. నా వెనక సీటు ఖాళీగానే ఉంది. అయినా అక్కడ అట్టపెట్టెలో గాజులు గలగలమన్నట్టే అనిపించింది. ఆ రోడ్డు మీద దుమ్ము లేస్తే ఇప్పటికీ నాకు మొదట గాజుల చప్పుడు, ఆ వెంటనే శంకరక్క గొంతు వినిపిస్తాయి. "ఆగు. దుమ్ము అణగనీయి."

చంద్రపూర్ బజారులో మా స్టీలు సామాన్ల దుకాణానికీ ఆమె గాజుల దుకాణానికీ మధ్య ఒకటే గోడ, ఇళ్లు ఆ వెనకే. రెండూ తెలుగు కుటుంబాలే. ఇంట్లో తెలుగు, గల్లా దగ్గర మరాఠీ, తగాదా వస్తే హిందీ. మా దుకాణంలో గల్లా మీద నాన్న కూర్చునేవాడు, వ్యాపారం మాత్రం అమ్మ చేసేది. పక్క దుకాణంలో శంకరక్క కూర్చుంటే, ఆమె భర్త భూమన్న ఎర్ర మోటారు సైకిల్‌కు గాజుల పెట్టెలు కట్టుకుని పల్లెలు తిరిగేవాడు. ఆ బండి నడిచే గుడి. ట్యాంకు మీద మహాకాళి బొమ్మ, ముందు నిమ్మకాయ మిరపకాయల దండ, హ్యాండిలుకు దర్గాలో కట్టించిన తాయెత్తు. "ఇంతమంది దేవుళ్లను ఎక్కించుకుంటే పెట్రోలు ఎక్కువ తాగదా అన్నా?" అని నేను ఏడిపించేవాణ్ణి. "నువ్వు సరుకు టోకున కొంటలేవా? నేను దేవుళ్లకు టోకున మొక్కుతున్న," అని నవ్వేవాడు. ఒక మధ్యాహ్నం ఘుగ్గుస్ రోడ్డులో బొగ్గు లారీని దాటబోయి, అది లేపిన దుమ్ములో ఎదురుగా వస్తున్న మరో లారీని భూమన్న చూడలేదు. సాయంత్రానికి వంకరపోయిన హ్యాండిలుతో బండి ఇంటికి వచ్చింది. మనిషి బతికి రాలేదు.

మనిషిని తిన్న బండి ఇంట ఉండకూడదంటారు. ఊళ్లో ఆ సంగతి తెలియనివాడు లేడు కాబట్టి కొనేవాడూ లేడు. గాజుల దుకాణం వెనక గోనెపట్టా కప్పుకుని అది నెలల తరబడి పడి ఉంది. అప్పుడే కొత్త ఆర్థిక విధానాల గాలి మా ఊరి దాకా వీస్తోంది. షోరూముల్లో రంగురంగుల బండ్లు, వాయిదాల మీద ఇస్తామని బోర్డులు. నాకూ ఆశే. కానీ ధర చీటీ అంటించి నవ్వుతూ నిలబడే చోట బేరమాడడానికి లేదు, బేరం లేని చోట నాకు ఊపిరాడదు. అందుకని ఓదార్చే నెపంతో శంకరక్క దగ్గరికి వెళ్లాను.

"అక్కా, ఆ బండిని సూసినకొద్దీ నీ మనసు కరాబైతది. నేను తీస్కపోత."

ఆమె గాజులు తుడుస్తూనే ఉంది. "నా మనసు కోసమా, నీ సవారీ కోసమా?"

"రెండిటికీ," అన్నాను. అబద్ధంలో కొంత నిజం కలిపితే సరుకు త్వరగా పోతుందని నా లెక్క.

"బండి అమ్మను. గాని నడుపుకో, పైసలొద్దు. నీ పనికి ఎటన్న తిరుగు. సోమారం విరూర్ పోవాలె, బేస్తారం ఘుగ్గుస్ పోవాలె. ఎన్క సీటు నాది."

పైసా పెట్టకుండా బండి కొట్టేశానని ఇంటికి వచ్చి చాటుకున్నాను. అమ్మ పప్పు చెరుగుతూ తలెత్తకుండానే అంది. "పిచ్చోడా, ఆమెకు ఫుకట్ల డ్రైవర్ దొరికిండు."

మెకానిక్ బండిని చక్కచేసి ఇచ్చాక చూస్తే మహాకాళి బొమ్మ లేదు, తాయెత్తు లేదు. వాటిని ఆమే తీయించింది. మనిషిని తిన్న బండి మీద ఉత్తి చేతులతో ఎక్కేంత ధైర్యం నాకు లేదు. చాటుగా సీటు కింద ఒక నిమ్మకాయ కట్టాను. మొదటి సోమవారమే ఆమె దాన్ని పట్టేసింది. రాజురా దాటాక ఒక చెట్టు కింద ఆపించి, నిమ్మకాయ కోసి, చెంబులోని నీళ్లలో పిండి, ఉప్పు వేసి నాకే ఇచ్చింది. "తాగు. ఎండల గిదే కాపాడుతది."

అసలు పరీక్ష గురువారం వచ్చింది. భూమన్న పోయిన చోటు దగ్గర పడుతుంటే, నోటికి వచ్చిన దేవుళ్లందరినీ తలుచుకుంటూ వేగం పెంచాను. భుజం మీద ఆమె చెయ్యి పడింది. "ఆపు." ఏడుస్తుందనుకుని ఓదార్పు మాటలు సిద్ధం చేసుకున్నాను. ఆమె దిగి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని రోడ్డును అటూ ఇటూ చూసింది, కొనబోయే స్థలాన్ని చూసినట్టు. ఇంతలో ఒక లారీ పోయింది. మా ముందు నల్లటి తెర లేచింది.

"సూసినవా? అవుతలికెల్లి వచ్చేది కనపడ్తలేదు. మీ అన్న గిక్కడ ఆగకపాయె."

"దేవుని మీద భారమేసి పోయిండక్కా," అన్నాను, ఏదో ఒకటి అనాలి కదా.

"దుమ్ముల దేవునికి సుత కనపడదురా. ఆగుడు మన పని. ఆయన మీద ఏస్తె ఎట్ల?"

దుమ్ము అణిగేదాకా నిలబడింది. అణిగాక ఎక్కి కూర్చుంది. ఆ తర్వాత ఏ లారీ వెనకైనా అదే పద్ధతి. ఆమెకు భక్తి లేదనుకునేరు. ప్రతి శుక్రవారం పొద్దున్నే మహాకాళి గుడికి పచ్చ గాజులు పట్టుకెళ్లేది. "ఇంత అయినంక ఏం అడుగుతవక్కా ఆమెను?" అని ఉండబట్టలేక ఒకసారి అడిగాను. "అడగనీకి పోను. చెప్పుకోనీకి పోత. బజార్ల అందరూ నాకు చెప్పెటోళ్లేనాయె, ఇనేటోళ్లు గావాలె గద." నేనైతే పని కాకముందు ఐదు కొబ్బరికాయలు మొక్కి, పనయ్యాక రెండింటికి తెగేట్టు మాట్లాడుకునేవాణ్ణి. ఆ రోజు నుంచి అమ్మవారి ముందు నిలబడితే నోరు పెగలడం కష్టమైంది.

గాజుల వ్యాపారానికి సరుకు సగం, చెయ్యి సగం. గాజు కొన్నామె చెయ్యి చాపుతుంది, అమ్మినామె ఆ చేతిని మెత్తగా నొక్కి, గాజు పగలకుండా తొడుగుతుంది. భర్త పోయినామె చేత ఎవరు తొడిగించుకుంటారు? విరూర్‌లో ఒకామె చాపిన చెయ్యి వెనక్కి తీసుకుంది. "ఏమనుకోకక్కా, మా ఇంట్ల పేరంటమున్నది." శంకరక్క గాజుల్ని చాప మీద పెట్టి, "మీ ఒదినెతోని ఏయించుకో బిడ్డా, పైలం," అంది. తిరుగు దారిలో నేనే కదిపాను.

"విరూర్ ఇడిశిపెడుదమక్కా. ఊర్లకేం తక్కువ?"

"నన్నొద్దన్నరు. గాజుల్ని ఒద్దనలే. వచ్చే సోమారం పోవాలె."

"మల్ల గట్లనే అంటరు."

"అననీయి. అని అని వాళ్ల నోర్లే నొస్తయి."

వెళ్లాం. ఎండలో వెళ్లాం, ముసురులో బురదలో దిగి బండిని నెట్టుకుంటూ వెళ్లాం. కొన్ని చేతులు మెల్లగా ముందుకు వచ్చాయి. కొన్ని ఎప్పటికీ రాలేదు. పెళ్లిళ్లకు మాత్రం ఒక్క ఇల్లూ పిలవలేదు. పెళ్లికూతురి నుంచి చుట్టాల దాకా అందరికీ గాజులు తొడిగేది పెళ్లింట్లోనే. ఆ పిలుపు లేని గాజుల దుకాణం ఉత్త అద్దాల బీరువా. ఇంకో రెండు పెళ్లిళ్ల కాలాలు ఇలాగే పోతే దుకాణం మూయక తప్పదని బజారంతా అనుకుంటోంది. ఆమె మాత్రం తనను పిలవమని ఎవరినీ అడగలేదు.

అలాంటప్పుడు మా చెల్లెలు సుజాతకు పెళ్లి కుదిరింది. గాజులకు వేరే గల్లీలోని మరాఠీ ఆయనను పిలవాలని అమ్మ చూస్తోందని తెలిసింది. మా ఇంట్లో గాజులు తొడుగుతుంటే గోడ అవతల శంకరక్క ఆ గలగల వింటూ కూర్చోవాలి. అది జరగనివ్వకూడదనుకున్నాను. వంటింట్లోకి వెళ్లి అమ్మ ముందు పీట వేసుకున్నాను.

"అమ్మా, పెండ్లిల శంకరక్కతోని పసుపు దంచుడు మొదలువెట్టియ్యాలె. గాజులు ఆమెనే ఏయాలె. మంగళారతి సుత ఆమెనే వట్టాలె."

గరిటె గిన్నెలో పడింది. "ఏందిరా? మంగళారతా? బండి మీది దుమ్ము నీ నెత్తికెక్కిందా?"

ఏడుపు మొహం పెట్టుకుని చాలాసేపు పోట్లాడి మంగళారతి వదులుకున్నాను. ప్రాణం పోతున్నట్టు మూలిగి పసుపు వదులుకున్నాను. చివరికి అమ్మ విసిగి, "గాజులంటే గాజులే. ఇంకోటి అడిగినవో సూడు!" అంది. నాకు కావలసింది మొదటి నుంచీ అదొక్కటే. పరుగున పక్క దుకాణానికి వెళ్లి చెప్పాను.

శంకరక్క లేవలేదు. "మీ అమ్మ పిలుస్తున్నదా, నువ్వు పిలిపిస్తున్నవా?"

"అమ్మనే."

"అయితే అమ్మనే రమ్మను. దొంగసాటుగ నేను రాను."

నా బేరమంతా గడపలోనే చెడిపోయిందనుకున్నాను. ఆమె అన్న మాట యథాతథంగా అమ్మకు చెప్పాను. అమ్మ చెంగుతో చేతులు తుడుచుకుని బయలుదేరింది. బజారంతా చూస్తుండగా ఆ గడప ముందు నిలబడింది. "శంకరమ్మా, రేపు పొద్దుగాల గాజులు తీస్కరా. పిల్లది గట్టి చెయ్యి. నువ్వైతేనే పలగకుంట ఏస్తవు."

మర్నాడు ఇల్లంతా ఆడవాళ్లు. శంకరక్క చాప మీద పెట్టె విప్పేసరికి చుట్టూ ఉన్నవాళ్లు చేతులు కొంగుల్లో దాచుకున్నారు. రాజురా నుంచి వచ్చిన మా పెద్దమ్మ గొణిగింది. "శుభమా అని పెండ్లి జేస్తూ ఇదేం పని?" సుజాత చెయ్యి ఒళ్లోనే ఉండిపోయింది. అప్పుడు అమ్మ వచ్చి శంకరక్క ఎదురుగా చతికిలబడి, నాన్న అటు వాకిట్లో కూర్చుని చూస్తుండగానే, తన చెయ్యి చాపింది. "మొదలు నాకెయ్యి."

శంకరక్క ఆ చేతిని మెత్తగా నొక్కి మొదటి గాజు ఎక్కించింది. ఆమె చేతిలో ఎప్పటి పనితనమే. ఒక్క గాజూ చిట్లలేదు. అమ్మ తర్వాత సుజాత, సుజాత తర్వాత మిగతా వాళ్లు. పెద్దమ్మ ఆఖరుదాకా చాపలేదు. చాపకపోయినా ఆ గలగలకు లోటేమీ రాలేదు. ఆ మాఘంలోనే ఇంకో రెండు పెళ్లిళ్ల నుంచి శంకరక్కకు పిలుపు వచ్చింది.

పెళ్లి సందడి ముగిసి అరువు గిన్నెలు ఇచ్చేస్తుంటే అమ్మ నన్ను చూసి అంది. "మంగళారతి అడిగినప్పుడే తెలిసింది నీ బేరం. పది అడిగి ఒకటి తెచ్చుకొనుడు నీకు నేర్పిందెవరనుకున్నవ్?"

"మరెందుకు ఒప్పుకున్నవమ్మా?"

"మరాఠీ ఆయన మాట ఎత్తిందే నువ్వు అడుగుతవని. నాకు సుత గా ఒక్కటే గావాలె గదరా."

శంకరక్క ఇప్పుడు లేదు. ఆ దుకాణంలో సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. ఎర్ర బండి పోయి నేను మూడు బండ్లు మార్చాను. దేని మీదా నిమ్మకాయ కట్టలేదు. గుడికి వెళితే అడగడానికి కాకుండా చెప్పుకోవడానికి వెళుతున్నాను, అది కూడా పూర్తిగా చేతనవుతోందని అనను. బేరమాడే నాలుక అంత తేలిగ్గా మానదు.

నిన్న నన్ను దాటిపోయినతను ముందు మలుపు దగ్గర టీ కొట్టులో నిక్షేపంగా టీ తాగుతూ కనిపించాడు, నన్ను చూసి నవ్వాడు కూడా. ఆగనివాళ్లందరికీ ఏదో అయిపోదు. అందుకే ఆగడం కష్టం. నేనూ నవ్వి చెయ్యి ఊపాను. ఇంతలో ఇంకో లారీ పోయింది. కాలు నేల మీద ఆనించాను.