పళ్లేలు మార్చి తూచిన పిల్ల

జులై, రెండో ఆదివారం సాయంత్రం. ముందుగదిలో ఉన్నవారు: నేను, నా భార్య, మా అబ్బాయి, కోడలు, ఐదో తరగతి చదువుతున్న మనుమరాలు. విషయం: మనుమరాలి తెలివితేటలు.

ఆనాటి డైరీలో ఇలాగే మొదలుపెట్టాను. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ప్రతి తనిఖీకి ముందు తేదీ, చోటు, ఎదురుగా ఎవరెవరున్నారో రాయడం నియమం. రిటైరయ్యాక కూడా ఆ అలవాటు పోలేదు.

నేను తూనికలు, కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా పనిచేశాను. బోయిన్‌పల్లి మార్కెట్లో కూరగాయల కాంటాలు, బంగారం దుకాణాల్లో చిన్న త్రాసులు, పెట్రోలు పంపులు, అన్నీ చూసినవాణ్ని. కొలిచేవాటిని కొలవడమే నా పని. త్రాసు నిజం చెబుతోందా లేదా తెలియాలంటే ఒకసారి తూచి వదిలేస్తే చాలదు. సరుకు ఉన్న పళ్లెంలోకి తూకపు రాళ్లను, రాళ్లున్న పళ్లెంలోకి సరుకును మార్చి మళ్లీ తూచాలి. రెండుసార్లూ ముల్లు నడిమధ్యన నిలిస్తేనే దాని మీద ముద్ర వేసేవాణ్ని. ఈ పద్ధతి నాతోపాటు ఇంటికి కూడా వచ్చేసింది. వేసిన తాళాన్ని లాగి చూడటం, పైనుంచి కిందికి కూడిన లెక్కను కిందినుంచి పైకి కూడటం, వీటికి మా ఇంట్లో ‘పళ్లేలు మార్చడం’ అనే పేరు. మనుమరాలికి లెక్కలు నేర్పింది నేనే. తీసివేత చేస్తే కూడి చూసుకోనిదే ఆ పిల్ల పలక కింద పెట్టేది కాదు.

తిరుమలగిరిలో ఆమె చదివే బడిలో ఆ యేడు కొత్తగా పిల్లలందరికీ తెలివితేటల పరీక్ష పెట్టారు. రంగు చెక్కముక్కలతో బొమ్మలు పేర్చడం, అంకెల కింద గుర్తులు వేసుకుంటూ పోవడం, ఒక వరసలో తరువాత ఏం వస్తుందో చెప్పడం. అన్నిటికీ పక్కన స్టాప్‌వాచ్. మనుమరాలికి వచ్చిన అంకె సగటు కన్నా బాగా కింద ఉంది. అలాంటి పిల్లలను నెమ్మదిగా పాఠం చెప్పే వేరే సెక్షన్లోకి మారుస్తామని, సోమవారం పొద్దున వచ్చి సంతకం పెట్టాలని, ఒప్పుకోకపోతే ఆ మాట కూడా అప్పుడే చెప్పవచ్చని బడినుంచి కబురు వచ్చింది. అందుకే ఆ సాయంత్రం అందరం కూర్చున్నాం.

మా కోడలిది శ్రీకాకుళం వైపు. పెళ్లయి ఇక్కడికి వచ్చి, ఒక ఆఫీసులో ఉద్యోగం చేస్తూ ఇల్లు కూడా చూసుకుంటోంది. కంగారు పడే మనిషి కాదు. అటువంటిది కబురు వచ్చిన రోజునుంచి సరిగా తినలేదు. మా అబ్బాయి మాత్రం తేలిగ్గా తీసుకున్నాడు. సైనిక్‌పురిలో ఎవరో ఇలాంటి పరీక్షలకే పిల్లలను తయారుచేస్తారట. కొన్నాళ్లు పంపి మళ్లీ పరీక్ష పెట్టమంటే అంకె దానంతటదే పెరుగుతుందన్నాడు.

“పళ్లెం మీద వేలు పెడితే ముల్లు లేస్తది. సరుకు పెరగదు గదరా,” అన్నాను.

“అట్లయితే తెలివి పెరగదంటవా బాపూ?”

పెరగదని నేను అనలేదు. నా కళ్లముందే పెరిగింది. ఒకటో తరగతిలో పక్కనుంచి పది అప్పు తెచ్చుకునే తీసివేత రాక ఏడ్చిన పిల్ల, ఇవాళ చేసిన లెక్కను తానే అనుమానించి తానే సరిచూసుకుంటోంది. అది పుట్టుకతో వచ్చింది కాదు. రోజూ సాయంత్రం ఇద్దరం కూర్చుని చేస్తే వచ్చింది. అదే ప్రశ్నలను ముందే నేర్పించి పంపితే మాత్రం పెరిగింది పిల్లా, అంకెనా అన్నది ఎలా తెలుస్తుంది? నా అభ్యంతరం అంతవరకే.

అప్పటిదాకా నా కుర్చీ చేతిమీద ఆనుకుని వింటున్న మనుమరాలిని, పరీక్షలో ఏం జరిగిందని అడిగాను. అంతకుముందు ఆ మాట ఎవరం అడగలేదు. అందరం అంకెనే చూశాం.

“ఒక్కోటి జేసినంక మళ్ల చూసుకున్న తాతా. గుర్తులు సుత. సగంలనే టైం అయిపోయిందన్నది మేడమ్,” అంది.

నా భార్య నావైపు తిరిగింది. “ఊరందరి త్రాసులకు ముద్రలు గొట్టొచ్చి, ఇంట్ల పిల్లను గిట్ల తయారుజేసిన్రు,” అంది. మా అబ్బాయి నవ్వాడు. కోడలు నవ్వలేదు.

పైకి అనలేదు గాని నాకు లోపల గర్వంగానే ఉంది. పక్కన గడియారం పరుగెత్తుతుంటే, తెలియని మనిషి ఎదురుగా కూర్చుని చూస్తుంటే, పదేళ్ల పిల్ల తన పద్ధతి వదలలేదు. మా శాఖలో కొత్తగా చేరినవాళ్లు ఎంతమంది ఎండకు, దుకాణదారుల తొందరకు లొంగిపోయి ఒక్క తూకంతో సరిపెట్టారో నాకు తెలుసు.

కానీ కోడలు ఊరుకోలేదు. “తొందర కూడా తెలివే కదా మావయ్యా. రేపు పెద్ద పరీక్షల్లో దీని కోసం ఎవరాగుతారేటి?” అంది.

ఆలోచిస్తే ఆమె అన్నది నిజమే. తెల్లవారుజామున మార్కెట్లో టమాటా లారీలు దిగుతుంటే ప్రతి కాంటాకూ మేం పళ్లేలు మార్చి కూర్చునేవాళ్లం కాదు. అలా చేస్తే పొద్దెక్కి సరుకంతా ఎండకు పాడయ్యేది. ఏ కాంటాను ఒకసారి చూస్తే చాలు, దేన్ని రెండోసారి చూడాలి అన్నది కొన్నేళ్లకు గాని పట్టుబడలేదు. మనుమరాలికి సరిచూడటం నేర్పాను. ఎక్కడ అక్కర్లేదో నేర్పే దాకా ఇంకా రాలేదు. ఆ సంగతే కోడలికి చెప్పి, ఇకమీదట అది కూడా మొదలుపెడతానన్నాను. అంకె కోసం కాదు, పిల్లకు పనికొస్తుంది కనుక. కోడలు తలూపింది. పూర్తిగా ఒప్పుకున్నట్టు లేదు.

మాటలు ఆగాక మనుమరాలు మెల్లగా అడిగింది. “నాకు తెలివి తక్కువనా తాతా?”

గదిలో అందరూ నావైపే చూశారు. దాని మనసు కష్టపెట్టకూడదని అబద్ధం చెప్పదలచుకోలేదు.

“నువ్వు ఎంత జల్ది చేస్తవో ఆ పరీక్ష చెప్పింది బిడ్డా. ఆ మాట నిజమే. చేసినయి ఎంత మంచిగ చేసినవో నీకే తెల్వాలె. తప్పులున్నయా?”

ఒక్కోటీ వేళ్ల మీద లెక్కపెట్టి గుర్తుచేసుకుంది. “లెవ్వు,” అంది.

“మరి ఏ సెక్షన్ల ఉంటవ్?”

“నా క్లాసులనే ఉంట. మేడమ్‌కు నేనే చెప్త.”

వాళ్ల నాన్న ఏదో అనబోతే కోడలే ఆపింది. చెప్పనీయండి అంది.

మర్నాడు పొద్దున కోడలు, నేను, మనుమరాలు బడికి వెళ్లాం. పరీక్ష పెట్టిన మేడమ్ చిన్న వయసావిడ, మర్యాదస్థురాలు. అంకె మార్చడం కుదరదని మొదటే చెప్పింది. మార్చమని మేం అడగలేదు. పిల్ల ప్రతిదీ మళ్లీ చూసుకోవడం తాను కూడా గమనించానని, అది భయంతో చేస్తోందో అలవాటుగా చేస్తోందో తేల్చుకోలేకపోయానని అంది. భయమైతే వేరే సెక్షన్లో నెమ్మదిగా నడిపించడమే మేలని అనుకుందట. ఆ సంగతి పిల్లనే అడిగింది.

“భయం కాదు మేడమ్. మా ఇంట్ల అందరం చూసుకుంటం,” అంది మనుమరాలు, అదేదో అందరి ఇళ్లలోనూ ఉండేదే అన్నట్టు.

మేడమ్ ఇంకొన్ని ప్రశ్నలు వేసింది. క్లాస్ టీచర్ని పిలిపించి మాట్లాడింది. ఈ టర్ము అయ్యేదాకా పిల్లను ఇప్పుడున్న సెక్షన్లోనే ఉంచుదామని ఇద్దరూ అన్నారు. సెక్షన్ మార్చవద్దన్న కాగితం మీద కోడలు సంతకం పెట్టింది. మేం లేచాం గాని మనుమరాలు లేవలేదు. చెక్కముక్కల్లో ఆఖరి బొమ్మ సగంలో ఆగిపోయిందని, ఒక్కసారి ఇస్తే పూర్తిచేసి వెళతానని అడిగింది. పరీక్ష అయ్యాక ఆ సామాను మళ్లీ పిల్లలకు ఇవ్వకూడదట. మేడమ్ నొచ్చుకుంటూనే కాదంది.

వరండా పొడవునా మనుమరాలు గొణుగుతూనే ఉంది. ఎర్ర ముక్కను అడ్డంగా తిప్పితే వచ్చేదేనట, ఇంకొంచెంలో అయిపోయేదట. సెక్షన్ ఊసు లేదు, అంకె ఊసు లేదు. తరగతి గుమ్మం దగ్గర కూడా గాలిలో చేత్తో ఆ ముక్కను తిప్పి చూపించి, మాకు చెయ్యి ఊపడం కూడా మరిచిపోయి లోపలికి వెళ్లిపోయింది. కోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఇంటికి రాగానే తనకు టిఫిను పెట్టమని ఆమే అత్తగారికి ఫోన్ చేసింది.