చంపిందెవరో బైండింగక్కకు ముందే తెలుసు

ఆ లైబ్రరీ గేటు దగ్గర రోజూ సాయంత్రం ఒక్కరి సంచీనే తెరిచి చూసేవారు. అది బైండింగక్కది. ఆరేళ్ల కిందట ఖరీదైన అట్లాసొకటి కనబడకుండా పోయింది. పుస్తకాలకు గట్టి అట్టలు వేసేది ఆమే కాబట్టి అనుమానం ఆమె మీదికే పోయింది. మూడు వారాలకు అది లైబ్రరీ సెక్రటరీ ఇంట్లోనే, ఆయన మనవరాలి బల్ల మీద దొరికింది. అట్లాసు తిరిగొచ్చింది గానీ సోదా ఆగలేదు, క్షమాపణ రాలేదు. అక్క పళ్ల బిగువున ఓర్చుకుంది. వాచ్‌మన్ ఆమె టిఫిన్ డబ్బా మూత తీసి చూస్తుంటే గోడకేసి చూసేది.

సెక్రటరీకి డిటెక్టివ్ నవలలంటే ప్రాణం. ఆయన మెచ్చిన రచయిత రెండు నెలలకో నవల రాసేవాడు. వచ్చిందల్లా సెక్రటరీ లైబ్రరీకి పన్నెండు కాపీలు తెప్పించేవాడు. అక్క వాటి అట్టలు ఊడదీసి, పదహారేసి పేజీల ఫారాలుగా విడదీసి, కుట్టి, కొత్త అట్ట వేసేది. దారం ఎక్కిస్తూ మొదటి ఫారం చదవడం ఆమె అలవాటు. మొదట్లో తన కార్డు మీద ఇంటికి తీసుకెళ్లి మిగతాదీ ఆశగా చదివేది. నాలుగు నవలలకు ఆ ఆశ చచ్చింది. ఒకదాంట్లో హంతకురాలు వంటమనిషి, ఇంకోదాంట్లో డ్రైవరు, తర్వాత తోటమాలి, ఆ తర్వాత నర్సు. పెద్దింట్లో పీనుగ లేవడమే ఆలస్యం, అక్కడ చాకిరీ చేసేవాళ్లలో ఎవరో ఒకరి మెడకు నేరం చుట్టుకునేది. మొదటి ఫారంలో ఎవరు తలవంచుకుని ఏదో ఒకటి అందిస్తే వాళ్లే.

ఐదో నవలకు అక్క కక్ష కట్టింది. అట్టకీ మొదటి పేజీకీ మధ్య తాను అతికించే తెల్లకాగితం మీద, పన్నెండు కాపీల్లోనూ, గుండ్రటి అక్షరాలతో రాసింది: “చంపింది ఆయా.”

పాఠకులు గోల పెట్టారు. సెక్రటరీ ఆమెను రీడింగ్ హాల్లోకి పిలిపించి, ఉద్యోగం పీకేస్తానన్నాడు. ముందే చివరిదాకా చదివేసి కథ గుట్టు విప్పడం కూడా దొంగతనమేనన్నాడు.

ఆ మాటకు అక్క తలెత్తింది.

“చివర చదవలేదు సార్. పదహారు పేజీలే చదివాను.”

“నమ్మమంటావా?”

“ఆరోది నిన్ననే వచ్చింది, కట్టు మీ బీరువాలోనే ఉంది. మొదటి ఫారం చింపి నాకివ్వండి. మిగతాది మీరే పట్టుకోండి.”

అందరూ చూస్తుండగా చదివింది. పదిహేనో పేజీలో మిల్లు యజమానికి మాత్రలు అందించిన మనిషి మీద వేలు పెట్టి, “ఈ కాంపౌండరు” అంది.

సెక్రటరీ చివరి పేజీలు తిప్పి, చప్పుడు చెయ్యకుండా పుస్తకం మూయబోయాడు. కిటికీ పక్కన కూర్చున్న రిటైర్డు టీచరమ్మ లాక్కుని చూసింది.

“కాంపౌండరే. వీటికోసమా నాయనా ఇన్నాళ్లూ కళ్లు పోగొట్టుకున్నాను?”

హాలంతా నవ్వింది. అక్క నవ్వలేదు. తన సంచీ తెచ్చి ఆయన బల్ల మీద బోర్లించింది. దువ్వెన, డబ్బా, కళ్లజోడు.

“గేటు దాకా ఎందుకు సార్, ఇక్కడే చూడండి. చూశాక మీ బ్యాగూ తెరవండి. అట్లాసు దొరికింది మీ ఇంట్లో కదా.”

ఆయన బ్యాగును కాలితో బల్ల కిందికి తోసుకున్నాడు. ఆ తోసుకోవడం అందరూ చూశారు. ఆరేళ్ల కసి ఆ క్షణాన సగం తీరింది.

సగమే. ఉద్యోగం నిలిచింది గానీ సోదా ఇంకా జరుగుతూనే ఉంది, ఆపాలా వద్దా అని లైబ్రరీ కమిటీ ఆలోచిస్తోందట. వాళ్లకు ఆలోచించే తీరిక ఇవ్వకండి. లైబ్రరీ సభ్యులైనవాళ్లందరూ కమిటీకి రెండు ముక్కలు రాయండి: సోదా చేస్తే సెక్రటరీతో మొదలుపెట్టి అందరికీ చెయ్యమనండి, లేదా ఎవరికీ వద్దనండి. ఆ రచయితకూ రాయండి, చంపింది ఇంటి యజమానేనని ఒక్కసారైనా తేల్చేదాకా ఆయన పుస్తకం ముట్టుకోబోమని.